బజర్ మోగితే వైరు పీకడం కాదు: లారీ డ్రైవర్లు, ఓనర్ల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా డ్యాష్‌బోర్డు గురించే. ఏ లైటు వెలిగితే ఆపాలి, ఏ ముల్లు పడిపోతే భయపడాలి, ఏ బజర్‌ని పట్టించుకోకపోయినా పర్వాలేదు అని. మూడో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తున్నాను. పట్టించుకోకపోయినా పర్వాలేదు అనే బజర్ లారీలో ఒక్కటి కూడా లేదు. మిగతావి వరుసగా చూద్దాం.

ప్రశ్న: పాత పది టైర్ల బండి మీద కొత్తగా ఎక్కాను. ఎయిర్ బజర్ ఊరికే మోగుతోందని నాకు ముందున్న డ్రైవర్ వైరు పీకేశాడట. ఓనర్ గారిని అడిగితే "ముల్లు కనబడుతోందిగా, చాల్లే" అన్నారు. అసలు గాలి ఎంత ఉంటే బండి కదిలించాలి? బజర్ లేకపోతే నిజంగా అంత ప్రమాదమా?
– ఒక డ్రైవర్, ఆటోనగర్, విజయవాడ

జవాబు: ప్రమాదమే తమ్ముడూ. లోడు ఎక్కించే ముందే ఆ వైరు పెట్టించుకో, నువ్వున్నది ఆటోనగర్‌లోనే కాబట్టి ఎలక్ట్రీషియన్ కోసం వెతుక్కునే పని కూడా లేదు. ముల్లు కనబడుతోంది నిజమే, కానీ సాయంత్రం ఆరింటికి వారధి మీద ముందు ఆటో, పక్కన రెండు బైకులు, వెనక హారన్ కొట్టే బస్సు ఉన్నప్పుడు నీ కళ్లు ముల్లు మీద ఉండవు, ఉండకూడదు కూడా. అందుకే ఆ పని చెవికి అప్పగించారు.

ఇక గాలి సంగతి. లారీ బ్రేకులు పనిచేసేది ట్యాంకుల్లో నింపిన గాలి ఒత్తిడితో, మనం చూసేది ఆ గాలినే, టైర్లలోది కాదు. మన లారీల్లో గాలి నిండితే ముల్లు సుమారు 7 నుంచి 8 బార్ (ఒత్తిడి కొలత) మధ్య నిలబడుతుంది. అక్కడికి రాగానే కింద బుస్సుమని ఒక చప్పుడు వస్తుంది, చాలామంది కొత్తవాళ్లు దాన్ని లీకు అనుకుంటారు కానీ అది ఎయిర్ డ్రయ్యర్ తనలో చేరిన తేమను బయటికి ఊదేసే చప్పుడు, అది రావాలి. మీటర్లో ముళ్లు రెండుంటాయి, ముందు చక్రాల బ్రేకుల లైను ఒకటి, వెనక చక్రాలది ఒకటి. ఒక లైను తెగినా రెండోది బండిని ఆపాలని అలా విడదీశారు. కాబట్టి రెండు ముళ్లూ పైకి చేరాకే బండి కదలాలి. ఒక్కటే దిగిపోతుంటే లీకు ఏ వైపు ఉందో అదే చెబుతోంది.

బజర్ మోగేది దాదాపు 5 బార్ దగ్గర, బండిని బట్టి కాస్త అటూ ఇటూ. అది మోగేటప్పటికి బ్రేకు ఇంకా పడుతుంది, ఎడమ పక్కకు తీసుకుని ఆపుకోవడానికి సరిపడా గాలి ఉంటుంది, ఆ కాస్త టైమే మనకు కావలసింది. ఇంకా కిందికి పోతే హ్యాండ్ బ్రేకు స్ప్రింగు రంగంలోకి దిగుతుంది. బండి నడుస్తున్నంతసేపూ ఆ స్ప్రింగును అణచిపెట్టి ఉంచేది గాలే. గాలి పోతే స్ప్రింగు విప్పుకుని చక్రాన్ని పట్టేస్తుంది. ముందు బ్రేకు లైనర్లు చక్రం డ్రమ్ములకు రాసుకుంటాయి, డ్రమ్ములు కాగుతాయి, ఆ తర్వాత ఉన్నట్టుండి హైవే మధ్యలో బండి జామ్ అవుతుంది. వెనక వచ్చేవాడి పరిస్థితి నువ్వే ఆలోచించు.

రోజూ పొద్దున్నే చేయాల్సిన పని ఒకటుంది. చదునైన చోట ఆపి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టి, గాలి నిండా ఎక్కించి ఇంజిన్ ఆపెయ్. హ్యాండ్ బ్రేకు వదిలి, పెడల్ గట్టిగా తొక్కి అలాగే పట్టుకో. తొక్కగానే ముల్లు కొంచెం దిగుతుంది, అది మామూలే. ఆ దిగినచోట నిలబడాలి. ఒక నిమిషంలో అక్కడి నుంచి ఇంకో 0.2 బార్ మించి జారితే ఎక్కడో లీకు ఉన్నట్టే, అప్పుడు నువ్వు పెడల్ మీదే ఉండి క్లీనర్ని బండి చుట్టూ తిరిగి వినమను. ఇంజిన్ ఆపి ఉంది కాబట్టి బూస్టర్ (చక్రం దగ్గర గాలితో బ్రేకును నొక్కే డబ్బా) డయాఫ్రం చిల్లు పడినా, పైపు జాయింటు లూజైనా ఆ సన్నటి చప్పుడు వినబడుతుంది, అనుమానం ఉన్నచోట సబ్బు నీళ్లు పోస్తే బుడగలు లేస్తాయి. అది అయ్యాక కీ ఆన్‌లో పెట్టి పెడల్ మళ్లీ మళ్లీ తొక్కుతూ గాలి దించు. 5 దగ్గరికి వచ్చేసరికి బజర్ మోగాలి. మోగకపోతే ఆ రోజు బండి కదలదు, అంతే.

నీ బండిలో బజర్ ఊరికే మోగడానికి కారణం లీకు కావచ్చు, గాలి నింపే కంప్రెసర్ నీరసించి ఉండొచ్చు, లేదా ఆ గాలి స్విచ్చే పాడై ఉండొచ్చు. ముందున్నవాడు పీకింది వైరు మాత్రమే, జబ్బు బండిలోనే ఉంది. గాలి ట్యాంకుల కింద డ్రెయిన్ తాడు లాగి చూడు. నీళ్లు వస్తే డ్రయ్యర్ కార్ట్రిడ్జ్ మార్చే టైమైంది. నీళ్లతో పాటు నల్లగా ఆయిల్ వస్తే కంప్రెసర్ రింగులు అరిగాయని అర్థం. ఓనర్ గారికి నోటితో చెప్పేకంటే ఆ నల్లటి నీళ్లు ఒక సీసాలో పట్టి చూపించు, మాట త్వరగా ఎక్కుతుంది.

ప్రశ్న: బీఎస్ 6 బండి. గుంటూరు మిర్చి యార్డుకి, కోల్డ్ స్టోరేజీలకి తిప్పుతాను. సీజన్‌లో లైన్లోనే గంటలు గంటలు పడుతుంది, ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లోనే ఉంచుతాను. ఈమధ్య సైలెన్సర్ లైటు పదే పదే వెలుగుతోంది, పికప్ తగ్గింది. ఒక మెకానిక్ ఏదో డబ్బా పెడితే యూరియా కూడా అక్కర్లేదు, లైటూ రాదు అంటున్నాడు. పెట్టించమంటారా?
– గుంటూరు నుంచి ఒక ఓనర్ కమ్ డ్రైవర్

జవాబు: వద్దు. ఆ డబ్బా చేసేది బండి కంప్యూటర్‌కి అబద్ధం చెప్పడం. కంపెనీ ఇచ్చిన బండిని అలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద నేరం, అది ఒకెత్తు. లోపల ఏం పాడైపోతోందో నీకు తెలిసే దారి మూసుకుపోవడం ఇంకొకెత్తు.

నీ లైటుకు కారణం నీ ఉత్తరంలోనే ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అనే పొగ నిబంధన ప్రకారం అమ్ముతున్న డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఒకటుంటుంది. బండి హైవే మీద ఒకే స్పీడులో పోతున్నప్పుడు పొగ బాగా వేడెక్కి ఆ మసి దానంతటదే కాలిపోతుంది. యార్డు గేటు ముందు లైన్లో నిలబెట్టి ఐడ్లింగ్‌లో ఉంచితే మసి పేరుకుంటుందే తప్ప కాలేంత వేడి రాదు. సీజనంతా అలాగే ఉంటే ఫిల్టర్ నిండిపోయి, కంప్యూటర్ పవర్ తగ్గించేస్తుంది. కాబట్టి లైన్లో ఉన్నప్పుడు ఇంజిన్ ఆపు. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు ఎండకి ఏసీ లేకుండా క్యాబిన్లో కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, దిగి నీడకు వెళ్లు, లేదా కిటికీకి తడి గోనె కట్టుకో. లైటు వెలిగితే అదే రోజు బండిని చెన్నై రోడ్డెక్కించి, మధ్యలో ఆపకుండా ఒకే స్పీడులో కాసేపు నడుపు. అప్పటికీ పోకపోతే నిలబెట్టి మసి కాల్చే స్విచ్చు చాలా బండ్లలో ఉంటుంది.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. మసి కాలేటప్పుడు ఆ ఫిల్టర్ లోపల వేడి సుమారు 600 డిగ్రీలకు చేరుతుంది, సైలెన్సర్ గొట్టం నుంచి వచ్చే గాలి కూడా కాలిపోయేంత వేడి. నువ్వు తిరిగేదేమో ఎండు మిర్చి టిక్కీలు (బస్తాలు), గోనె సంచులు, రాలిన తొడిమలు, చుట్టూ ఎండు గడ్డి ఉన్నచోట. యార్డులో, కోల్డ్ స్టోరేజీ ఆవరణలో, పత్తి మిల్లు దగ్గర ఆ స్విచ్చు నొక్కకు. ఖాళీ సిమెంటు నేలో తారు రోడ్డు పక్కనో, గొట్టం ముందు ఏమీ లేనిచోట, నువ్వు బండి దగ్గరే ఉండి చెయ్యి.

యూరియా విషయం కూడా చెప్పుకుందాం. పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవాన్ని మనం యూరియా అంటాం కానీ అది పొలం యూరియా కాదు, శుద్ధమైన యూరియా 32.5 శాతం, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. పొలం యూరియా కలిపిన నీళ్లు పోస్తే పిచికారీ చేసే నాజిల్ దగ్గర తెల్లగా గడ్డకడుతుంది, ఆ తర్వాత అయ్యే ఖర్చు ముందు డబ్బాల మీద మిగిలింది ఏ మూలకీ రాదు. ఎండలో క్యాబిన్ టాపు మీద డబ్బాలు పెట్టుకుని తిరగకు, 30 డిగ్రీలు దాటిన వేడిలో అది త్వరగా చెడిపోతుంది. పొరపాటున యూరియా డీజిల్ ట్యాంకులో పోసినా, డీజిల్ యూరియా ట్యాంకులో పోసినా కీ తిప్పకు. తిప్పితే పంపు ఆ కలిసిన దాన్ని లోపలికంతా పంపేస్తుంది. తిప్పకపోతే ట్యాంకు కడిగించుకోవడంతో పోతుంది.

ప్రశ్న: మా వారికి ఆపరేషన్ అయినప్పటి నుంచి రెండు లారీలూ నేనే చూసుకుంటున్నాను. కంపెనీ యాప్‌లో రోజూ బోలెడు అలర్టులు వస్తాయి, హార్ష్ బ్రేకింగ్ అని, ఓవర్ స్పీడ్ అని, ఐడ్లింగ్ అని. అన్నీ చూస్తే టెన్షన్, చూడకపోతే ఇంకా టెన్షన్. డ్రైవర్ మా వారి దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పెద్దాయన, ఊరికే ఫోన్ చేసి అడిగితే నొచ్చుకుంటున్నాడు. ఏం చూడాలి, ఏం వదిలెయ్యాలి?
– ఒక సోదరి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు ఫోన్ సంగతి. బండి కదులుతుండగా డ్రైవర్‌కి ఫోన్ చేయొద్దు, ఎంత అర్జెంటైనా సరే. మీ యాప్‌లోనే బండి ఆగి ఉందో నడుస్తోందో కనిపిస్తుంది, ఆగినప్పుడే చేయండి. ముందే ఇద్దరూ మాట్లాడుకుని, ఫలానా టోల్ దాటాక టీకి ఆగినప్పుడు ఆయనే చేసేలా పెట్టుకుంటే ఆయనకి గౌరవంగా ఉంటుంది, మీకూ నిశ్చింత. కాజా టోల్ దగ్గర ఒకసారి, దిగాల్సిన ఊరు చేరాక ఒకసారి, అలా.

అలర్టుల్లో వెంటనే పట్టించుకోవాల్సినవి మూడే. ఇంజిన్ వేడి, ఆయిల్ ప్రెషర్, ఎర్ర రంగులో వచ్చే ఏ లోపమైనా. ఇంజిన్ నీళ్ల వేడి మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య తిరుగుతుంది, మీ బండికి రోజూ ఎంత ఉంటుందో ఒక వారం గమనించి రాసి పెట్టుకోండి. రోజూ 85 ఉండే బండి అదే లోడుతో అదే రోడ్డు మీద 93 చూపిస్తుంటే లైటు వెలగకపోయినా ఏదో మొదలైందని అర్థం: కూలెంట్ తగ్గిందో, ఫ్యాన్ బెల్టు జారుతోందో, రేడియేటర్‌కి దుమ్ము పట్టిందో. ఈ తేడా బండి నడిపేవాళ్ల కంటే ఇంట్లో కూర్చుని అంకెలు చూసేవాళ్లకే ముందు దొరుకుతుంది. అక్కడే మీ అవసరం బాగా ఉంది. ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగితే మాత్రం ఆలోచించడానికేమీ లేదు, పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి, దగ్గర్లో షెడ్డు ఉంది కదా అని రెండు కిలోమీటర్లు నడిపినా ఇంజిన్ పట్టేయొచ్చు. పసుపు లైటయితే ఆ ట్రిప్పు పూర్తిచేసుకుని చూపించుకోవచ్చు, కానీ వచ్చే నెలకు వాయిదా వేయకూడదు.

హార్ష్ బ్రేకింగ్ (ఒక్కసారిగా గట్టిగా బ్రేకు కొట్టడం) అలర్టు ఒకటో రెండో వస్తే వదిలేయండి. కుక్క అడ్డం వచ్చినా వస్తుంది, అది ఆయన తప్పు కాదు, ఆయన్ని అడిగి నొప్పించకండి. కానీ అవి ఏ టైములో వస్తున్నాయో చూడండి. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్యలో గుంపుగా వస్తుంటే అది నిద్ర. ఆ మాట ఆయన తనంతట తాను చెప్పడు, ఏ డ్రైవరూ చెప్పడు. 2025 నవంబర్‌లో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో రోజుకి పని 8 గంటలు, ఐదు గంటలు చేశాక కనీసం అరగంట విశ్రాంతి అని ఉండేది. మన రోడ్ల మీద ఆ లెక్కను పాటించేవాళ్లు తక్కువ, మీరు పాటించండి. సరుకు గంట ఆలస్యమవుతుందని పార్టీకి మీరే ఫోన్ చేసి చెప్పండి, ఆ మాట డ్రైవర్ నోట రాకూడదు, ఓనర్ నోట రావాలి. ఓవర్ స్పీడ్‌కి లారీకి గీత ఎక్కువలో ఎక్కువ గంటకు 80 కిలోమీటర్లు, లోడుతో వానలో అది కూడా ఎక్కువే.

ఇంకొకటి, రేడియేటర్ మూత. వేడిమీద ఉన్నప్పుడు ఎవరూ తెరవకూడదని క్లీనర్ కుర్రాడికి కూడా మీరే చెప్పండి. లోపల నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి, మూత తిప్పగానే ముఖం మీదకు చిమ్ముతాయి. తక్కువైతే బోరు నీళ్లు పోసేయడం మనవాళ్ల అలవాటు, దానివల్ల లోపల పాచిలా పేరుకుని ఆ వేడి సమస్య మళ్లీ మొదటికొస్తుంది. కంపెనీ చెప్పిన కూలెంటే పోయించండి.

ప్రశ్న: గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల ఘాట్‌లో దిగేటప్పుడు న్యూట్రల్ కొడితే డీజిల్ మిగులుతుందని సీనియర్లు చెబుతారు. నిజమా?
– చిలకలూరిపేట

జవాబు: ఇప్పటి ఇంజిన్లలో నిజం కాదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే కంప్యూటర్ డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజిన్ని తిప్పుతాయి. న్యూట్రల్ కొడితే ఇంజిన్ తిరగడానికి మళ్లీ డీజిల్ కావాలి. అంటే మిగిలేది లేదు సరికదా, ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారి మూసి ఇంజిన్‌తోనే బండిని నెమ్మదించేది) పనిచేయదు, బరువంతా డ్రమ్ముల మీద పడుతుంది, అవి కాగితే లైనర్ పట్టు జారి పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. ఎక్కడానికి ఏ గేరు వాడతావో దిగడానికీ ఆ గేరే, వంపు మొదలుకాక ముందే వేసుకో, ఎగ్జాస్ట్ బ్రేకు వెయ్, పెడల్‌ని అదేపనిగా నొక్కి ఉంచకుండా ఒకసారి గట్టిగా తొక్కి స్పీడు తగ్గించి వదిలెయ్.

ప్రశ్న: మే నెలలో హైదరాబాద్ రోడ్డు మీద మధ్యాహ్నం పూట టైర్లు బాగా వేడెక్కుతున్నాయి. గాలి కొంచెం తీసేస్తే పేలవు అంటారు. తీయొచ్చా?
– గొల్లపూడి

జవాబు: తీయకండి. వేడికి గాలి ఒత్తిడి పెరగడం టైరు తయారుచేసినవాళ్లు లెక్కలో వేసుకున్నదే. వేడిమీద గాలి తీసేస్తే, రాత్రి చల్లబడ్డాక ఆ టైరులో గాలి ఉండాల్సిన దానికంటే తక్కువ అవుతుంది. తక్కువ గాలితో టైరు పక్కలు ఎక్కువ ఒంగుతాయి, ఒంగే కొద్దీ వేడెక్కుతాయి, పేలేది ఎక్కువగా అలాంటి టైరే. గాలి చూడాల్సింది పొద్దున్నే బండి కదలకముందు, మీటరు పెట్టి. రాడ్‌తో కొట్టి చప్పుడు విని చెప్పేయడం జంట చక్రాల్లో లోపలి టైరు దగ్గర పనికిరాదు. లోపలిది సగం గాలితో ఉన్నా బయటిది బరువు మోస్తుంది కాబట్టి బండి మామూలుగానే ఉంటుంది, పైగా రెండూ ఒకదానికొకటి రాసుకుని నిప్పంటుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

టీకి ఆగిన ప్రతిసారీ బండి చుట్టూ ఒక రౌండు తిరగండి. చేతి వెనక భాగాన్ని ఒక్కో హబ్‌కి (చక్రం మధ్య భాగానికి) జానెడు దూరంలో పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. అన్నీ ఒకేలా వెచ్చగా ఉంటే మంచిదే. ఒక్కటి మాత్రం సెగ కొడుతూ, కాలిన లైనర్ వాసన వస్తుంటే ఆ చక్రానికి బ్రేకు పట్టుకుని ఉంది, లేదా బేరింగ్ పోతోంది. దాని మీద నీళ్లు కొట్టకండి, కాగిన డ్రమ్ము పగులుతుంది. ఆపి, చల్లారనిచ్చి మెకానిక్‌ని పిలవండి. టైరు మార్చినరోజు 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్లీ బిగించడం మరిచిపోవద్దు.

ప్రశ్న: అమరావతి పనుల్లో గ్రావెల్ టిప్పర్ తోలుతున్నాను. బాడీ లేచి ఉన్నట్టు చూపించే లైటు పనిచేయడం లేదు. అద్దంలో చూసుకుంటే సరిపోదా?
– తుళ్లూరు

జవాబు: సరిపోదు. రాత్రి షిఫ్టులో, దుమ్ములో అద్దంలో ఏం కనబడుతుంది? అన్‌లోడ్ చేసి తొందరలో బాడీ సగం లేచి ఉండగానే కదిలి కరెంటు తీగలకు తగిలించుకోవడం టిప్పర్లకు ఉన్న పెద్ద గండం. లైటు ఆ రోజే బాగుచేయించండి, అప్పటిదాకా కదిలే ముందు దిగి చూడండి. బాడీ కింద పని ఉంటే కంపెనీ ఇచ్చిన ఊతకడ్డీ పెట్టకుండా తల పెట్టొద్దు, హైడ్రాలిక్ పైపు ఎప్పుడు పగులుతుందో చెప్పి పగలదు.

తీగ తగిలిందే అనుకోండి, క్యాబిన్లోనే కూర్చోండి. ఎవరినీ దగ్గరికి రానివ్వకండి, లైను ఆపించమని కేకేయండి. లోపల మంటలు వచ్చి దిగక తప్పకపోతే మాత్రం మెట్టు మీద కాలు పెట్టి దిగకూడదు. ఒక చెయ్యి బండి మీద, ఒక కాలు నేల మీద ఉన్న ఆ క్షణంలోనే కరెంటు మనిషిలోంచి పోతుంది. రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి, బండిని ఎక్కడా పట్టుకోకుండా బయటికి దూకాలి, ఆ తర్వాత పాదాలు ఎడం చేయకుండా చిన్న చిన్న గెంతులతో దూరం జరగాలి. మీతో పాటు పనిచేసే కుర్రాళ్లకి ఇది చెప్పండి, చేసి చూపించండి.

ప్రశ్న: క్యాబిన్లో ఫైర్ సిలిండర్ ఉంది. ఇంకేమైనా చూసుకోవాలా?
– మంగళగిరి

జవాబు: దాని మీద చిన్న ముల్లు ఆకుపచ్చలో ఉందా చూడండి, నెలకోసారి తలకిందులు చేసి కదిలించండి, పొడి గడ్డకడితే నొక్కినా రాదు. సీటు వెనక దుప్పట్ల కింద కాకుండా తలుపు తెరవగానే చేతికి అందేచోట పెట్టండి. అంతకంటే ముందు, మీ బండికి తర్వాత తగిలించిన హారన్లు, సీరియల్ లైట్లు ఎక్కడి నుంచి కరెంటు లాగుతున్నాయో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా లాగిన వైరు ఒక్కటున్నా అది తీయించేసి, ఫ్యూజు పెట్టించాకే మళ్లీ తగిలించుకోండి.